జీతం రాని నెలలో ఈఎంఐ ఎవరు కడతారు?

ప్రశ్న: నాకు 37 ఏళ్లు. హనుమకొండలో ప్రైవేట్ జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్తాను. 2019 వరకు ఏటా ఒక్కదాన్నే ఏదో ఒక దేశం వెళ్లొచ్చేదాన్ని. కరోనా, ఆ తర్వాత నాన్న జబ్బు... అన్నీ ఆగిపోయాయి. మొన్న దసరా సెలవుల్లో పది రోజులు వియత్నాం వెళ్లాను. మూడు రోజులు హోటల్ గడప దాటాలంటేనే భయమేసింది. నాలుగో రోజు నుంచి పాత అలవాటు తిరిగొచ్చింది. ఆ ఊపులోనే ఈ వేసవిలో 45 రోజులు వియత్నాం, లావోస్, కంబోడియా చుట్టి రావాలని ఉంది. 4 లక్షలు అవుతాయి. జీతం 58 వేలు, మే నెలకు కాలేజీ జీతం ఇవ్వదు. బ్యాంకులో 1.3 లక్షలున్నాయి. 50 నెలల 5 లక్షల చిట్టి 14వ నెలలో ఉంది. పర్సనల్ లోన్ తీసుకోవాలా, చిట్టి పాడాలా? ఏది చవక?

జవాబు: ఏది చవక అని అడిగారు. రెండూ వద్దు. మే జీతం రాదన్న సంగతి మీరు మాటవరసకు రాసి ముందుకెళ్లిపోయారు. నాకు మీ ఉత్తరమంతా ఆ ఒక్క ముక్కలోనే కనిపించింది. వేసవిలో జీతం రాని ప్రైవేట్ లెక్చరర్లు వరంగల్‌లో ఎందరో ఉన్నారు. ఏడాదికి పన్నెండు ఈఎంఐలకు సంతకం పెట్టేటప్పుడు జీతం పది పదకొండు నెలలదేనన్న సంగతి ఎవరికీ గుర్తు రాదు.

14 శాతం వడ్డీకి మూడేళ్ల లోన్ అనుకుందాం. 4 లక్షలకు ఈఎంఐ 13,670 చొప్పున పడుతుంది. మొత్తం వడ్డీ 92 వేలు, దాంతో ఇంకోసారి వియత్నాం వెళ్లి రావచ్చు. ఏప్రిల్ మధ్యలో బయల్దేరితే ఆ నెల సగం జీతమే, మే సున్నా, జూన్ జీతం చేతికొచ్చేది జూలైలో. ఈలోగా రెండు ఈఎంఐలు, రెండు చిట్టి వాయిదాలు కలిపి 47 వేలు దాటుతాయి. ఇంటద్దె, ఇంట్లో అమ్మగారుంటే ఆమె మందులు అదనం. ఆ డబ్బు ఎక్కడిదండీ? క్రెడిట్ కార్డా? అక్కడ బాకీ ఉంచితే వడ్డీ నెలకే మూడు శాతం పైమాట.

చిట్టి సంగతి ఒక్క మాట. ఇంకా 36 నెలలుండగా పాడితే పెద్ద మొత్తం తగ్గించుకోవాలి, పైగా జమానతుకు స్టాఫ్ రూంలో ఇద్దరిని బతిమాలాలి. చివరి నెలల దాకా ఉండనివ్వండి.

ఇప్పుడు అసలు సంగతి. ఆర్నెల్ల ఇంటి ఖర్చు పక్కన లేకుండా ఎవరూ విమానం ఎక్కకూడదని నేను ఎప్పుడూ చెప్పేదే. ఒంటరిగా వెళ్లేవాళ్లకైతే ఇంకా గట్టిగా చెప్తాను. నలుగురితో వెళ్తే మీ కార్డు పనిచేయనప్పుడు పక్కవాళ్లు గీకుతారు. కాజీపేటలో నా దగ్గరికి వచ్చే ఒక రిటైర్డ్ రైల్వే ఉద్యోగి ఫోన్ వియత్నాంలోని హోయ్ ఆన్ ఊళ్లో వానకు తడిసి చచ్చిపోయింది. ఓటీపీ రావాల్సిన సిమ్ అందులోనే. రెండో కార్డు కాజీపేటలో బీరువాలో. హైదరాబాద్‌లో ఉన్న కొడుకు హోటల్‌వాళ్లకు ఆన్‌లైన్‌లో కట్టేదాకా రెండు రోజులు అరటిపళ్లతో గడిపారు.

నెలకు 38 వేల ఖర్చనుకున్నా మీకు 2.28 లక్షల అత్యవసర నిధి కావాలి. ఉన్నది 1.3 లక్షలు. అంటే ఈ యాత్రకు మీ దగ్గర పైసా లేదు, ఇంకా 98 వేలు తక్కువే. కోపం తెచ్చుకోకండి, లెక్క అదే. ఇంట్లో అమ్మగారు ఒక్కరే ఉంటే, ఆమె జారి పడ్డారని అర్ధరాత్రి ఫోనొస్తే తెల్లారే టికెట్ కొనాలి. ఆ టికెట్ డబ్బు ఈ నిధిలో కలపొద్దు, విడిగా ఉండాలి. వేరే బ్యాంకు కార్డు ఒకటి వేరే సంచిలో పెట్టుకోండి. కొన్ని డాలర్లు కూడా. కంబోడియాలో చిరిగిన డాలర్ నోటు ముట్టుకోరు, చూసి తీసుకోండి.

4 లక్షలన్న అంచనా మీ పాత డైరీలోంచి వచ్చినట్టుంది. కంబోడియాలోని అంగ్కోర్ గుళ్ల మూడు రోజుల టికెట్ 2017 నుంచీ 62 డాలర్లే. కానీ డాలర్ 2019లో 70 రూపాయల దగ్గరుండేది, 2025 డిసెంబర్‌లో 90 దాటింది. అదే గుడికి 4,340 పోయి 5,580 అయింది. పైగా ఆ భయపడ్డ మూడు రోజుల బిల్లులు ఒకసారి తీసి చూడండి. యాప్ టాక్సీలు, గదికే తెప్పించుకున్న భోజనం, నచ్చకపోయినా మారని హోటల్. అలవాటు తిరిగొచ్చేదాకా ఎవరికైనా చేయి జారుతుంది. కొత్త దేశానికి వెళ్లిన ప్రతిసారీ ఆ మొదటి రోజులు మళ్లీ వస్తాయి, మీ లెక్కలో మూడుసార్లు.

ట్రావెల్ ఇన్సూరెన్స్ తప్పనిసరి. అక్కడ చెల్లే లైసెన్స్ లేకుండా బైక్ నడిపి పడితే క్లెయిమ్ రాదు. షాపులో కార్డు మెషీన్ రూపాయల్లో కడతారా అని అడిగితే వద్దనండి, అక్కడి కరెన్సీలోనే కట్టండి.

వియత్నాం ఈ-వీసా 90 రోజులిస్తోంది కదా అని 90 రోజులూ తిరగక్కర్లేదు. ఈ వేసవి వదిలేయండి. నెలకు 10 వేలు ఆర్డీ (రికరింగ్ డిపాజిట్) వేయండి, పది నెలల్లో నిధి నిండుతుంది. ఆ తర్వాత అదే 10 వేలు యాత్రకు మళ్లించి, చేతిలో ఉన్నంతలో మళ్లీ పది పన్నెండు రోజులు వెళ్లండి. ఈలోగా అమ్మగారికి హెల్త్ పాలసీ ఉందో లేదో రాయండి. మీ ఉత్తరంలో ఆ ఊసే లేదు.