అమెరికాలో లాటినా (లాటిన్ అమెరికా మూలాలున్న) మహిళల పోరాటం అబార్షన్ హక్కు కోసమేనా?
కాదు, పిల్లల్ని కనే హక్కు కోసం కూడా. 1970ల్లో లాస్ ఏంజెలెస్ కౌంటీ ఆసుపత్రిలో మెక్సికన్ మూలాలున్న ఆడవాళ్లకు, పురిటి నొప్పులు పడుతుండగానే, ఇంగ్లీషు కాగితం చేతికిచ్చి సంతకం పెట్టించి ట్యూబెక్టమీ చేసేసేవారు. చాలామందికి ఇంగ్లీషు సరిగ్గా రాదు. ఆపరేషన్ అయిందన్న సంగతే కొందరికి చాలాకాలం తర్వాత తెలిసింది!

పది మంది కోర్టుకెక్కారు. వాళ్ల లాయర్లలో ఒకరైన ఆంటోనియా హెర్నాండెజ్ అప్పుడే లా పూర్తిచేసిన అమ్మాయి. 1978లో జడ్జి మాత్రం, ఇదంతా మాట అర్థం కాక జరిగిన పొరపాటేనంటూ డాక్టర్ల వైపే మొగ్గాడు. కేసు ఓడినా స్పానిష్‌లో అంగీకార పత్రాలు వచ్చాయి. అటు న్యూయార్క్‌లో ప్యూర్టోరికన్ డాక్టర్ హెలెన్ రోడ్రిగెజ్-ట్రియాస్ లాంటివాళ్లు ఇలాంటి బలవంతపు ఆపరేషన్లు ఆగాలని పట్టుబట్టారు. చివరికి ప్రభుత్వ నిధులతో చేసే ఈ పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్లకు, సంతకం పెట్టాక 30 రోజులు ఆగాలన్న ఫెడరల్ నిబంధన వచ్చింది.