జర్మనీ చదువులో ఏది ఫ్రీ, ఏది కాదు?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ ఫస్టియర్, ఎంపీసీ. ‘జర్మనీలో బీటెక్ ఫ్రీ, పాఠాలు ఇంగ్లిష్‌లోనే, ఇంటర్ అవగానే ఫ్లైట్ ఎక్కించేస్తాం, ప్యాకేజీ 15 లక్షలు’ అంటున్నారు ఒక కన్సల్టెన్సీ వాళ్లు. ఈ నెలాఖరులోగా 50 వేలు అడ్వాన్స్ ఇవ్వాలట. మా వారు ఆర్టీసీ కండక్టర్. కట్టమంటారా?
– ఓ తల్లి, ఖమ్మం

జవాబు: కట్టకండమ్మా.

ఫ్రీ అన్నమాట పూర్తిగా అబద్ధం కాదు. అక్కడి ప్రభుత్వ యూనివర్సిటీల్లో ఎక్కువచోట్ల ట్యూషన్ ఫీజు ఉండదు. స్టుట్‌గార్ట్, హైడల్‌బర్గ్ ఉన్న బాడెన్-వుర్టెంబర్గ్ రాష్ట్రంలో మాత్రం మనలాంటి వాళ్ల దగ్గర సెమిస్టర్‌కి 1,500 యూరోలు తీసుకుంటారు. మ్యూనిక్ టెక్నికల్ యూనివర్సిటీ కూడా 2024 నుంచి ఫీజు పెట్టింది.

ఇక ఆ 15 లక్షల సంగతి. స్టూడెంట్ వీసాకి వెళ్లేముందు ఏడాది ఖర్చు కింద 11,904 యూరోలు, అంటే సుమారు 12 లక్షలు, బ్లాక్డ్ అకౌంట్లో వేయాలి. అది ఎవరి ఫీజూ కాదు. మీ అమ్మాయి పేరు మీదే ఉంటుంది. అక్కడికి వెళ్లాక నెలకు 992 యూరోల చొప్పున తన చేతికే వస్తుంది. గది అద్దె, బియ్యం, ఆరోగ్య బీమా అన్నీ అందులోంచే. మీ డబ్బునే మీకు చూపించి ప్యాకేజీ అంటున్నారు! రెండో ఏడాది ఖర్చుకీ డబ్బు చూపించాలన్న సంగతి వాళ్లు చెప్పి ఉండరు. ఏడాదికి 140 పూర్తి రోజులు పనిచేసుకోవచ్చు గానీ, భాష రాని పిల్లకి మొదటి ఏడాదే పని దొరుకుతుందని లెక్క వేసుకోకండి.

అసలు చిక్కు ఇంటర్ దగ్గర ఉంది. మన పన్నెండేళ్ల చదువు వాళ్ల స్కూలు చదువుతో సమానం కాదు. కాబట్టి ఇంటర్ మార్కులతోనే ప్రభుత్వ యూనివర్సిటీలో బీటెక్ లాంటి కోర్సుకి నేరుగా తీసుకోరు. జేఈఈ అడ్వాన్స్‌డ్‌లో అర్హత సాధిస్తే ఇంజనీరింగ్‌కి దారి ఉంది. లేదా ఇక్కడ గుర్తింపు ఉన్న యూనివర్సిటీలో ఒక ఏడాది పాసై, అదే సబ్జెక్టుకి అప్లై చేయాలి. రెండూ కాకపోతే స్టుడియన్‌కొలెగ్ అనే ఏడాది కోర్సు. అది చేసేది దాదాపు అన్నిచోట్లా జర్మన్‌లోనే. చేరడానికే బీ1 లేదా బీ2, అంటే మధ్యస్థాయి జర్మన్ కావాలి, పైగా ఎంట్రన్స్.

నేను వెళ్లింది ఆ మూడో దారినే. ఎంట్రన్స్‌లో ఒక పేరా ఇస్తారు. ప్రతి రెండో మాటకి వెనక సగం కొట్టేసి ఉంటుంది, మనం నింపాలి. మొదటిసారి తప్పాను. రెండోసారి గట్టెక్కి క్లాసులో కూర్చుంటే ఫిజిక్స్ సారు బోర్డు మీద ‘రైబుంగ్’ అని రాశారు. ఘర్షణ తెలుసు, ఫ్రిక్షన్ తెలుసు, ఆ లెక్క గుంటూరులో వందసార్లు చేసిందే. కానీ ఆ మాట తెలియక బొమ్మని కాపీ చేసుకుని ఊరుకున్నాను.

మరి ఇంటర్ అవగానే, జర్మన్ రాకుండా, పరీక్ష లేకుండా సీటు ఎక్కడిది? చాలావరకు ఫీజు కట్టే ప్రైవేటు యూనివర్సిటీల్లోది. ఆ యూనివర్సిటీ పేరు, ఏడాది ఫీజు కాగితం మీద రాసివ్వమని అడగండి. రాయడానికి నసిగితే లేచి వచ్చేయండి.

మీ ఇంటి పరిస్థితికి నా సలహా: బీటెక్ ఇక్కడే. తోడుగా వారానికి రెండు మూడు గంటలు జర్మన్. నాలుగేళ్లలో బీ1 దాకా నింపాదిగా వస్తుంది. మాస్టర్స్‌కి అక్కడ ఇంగ్లిష్ కోర్సులు బోలెడు. పొద్దున్నుంచి రాత్రి దాకా స్టడీ అవర్లున్న ఇంటర్ కాలేజీలో ఇప్పుడే భాష మొదలుపెట్టమనడం పిల్లని చంపుకుతినడమే. అన్నట్టు, మీ ఉత్తరంలో కన్సల్టెన్సీ మాట ఉంది, మీవారి మాట ఉంది, అమ్మాయి ఏమందో లేదు. అడిగారా?

ప్రశ్న: టెన్త్ చదువుతున్నాను. జర్మనీలో మెడిసిన్ చేసి, తిరిగొచ్చి మా ఊళ్లోనే ప్రాక్టీస్ పెట్టాలని ఉంది.
– ఓ విద్యార్థి, నరసరావుపేట

జవాబు: బాబూ, జర్మనీ ప్రభుత్వ యూనివర్సిటీల్లో మెడిసిన్ చెప్పేది జర్మన్‌లో. మన జాతీయ వైద్య కమిషన్ 2021 నిబంధనల ప్రకారం విదేశంలో చేసే ఎంబీబీఎస్ ఇంగ్లిష్ మీడియంలో ఉండాలి. నీట్ అర్హత ఎటూ తప్పదు. నరసరావుపేటలో బోర్డు కట్టాలనుకుంటే నీకది దారి కాదు. బైపీసీ తీసుకో, నీట్ రాయి.

ప్రశ్న: మా అబ్బాయి టెన్త్ మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉంది, ఆధార్‌లో ఒక్క అక్షరమే ఉంది. పాస్‌పోర్టు ఎలా తీయించాలి?
– ఓ తండ్రి, కరీంనగర్

జవాబు: మెమో ప్రకారమే, ఒక్క అక్షరం తేడా రాకుండా. ముందు ఆధార్ సరిచేయించండి. జర్మనీ స్టూడెంట్ వీసాకి మన సర్టిఫికెట్లను ఢిల్లీలోని ఏపీఎస్ (జర్మన్ ఎంబసీ తరఫు పరిశీలన కేంద్రం) వాళ్లు పరిశీలించాలి, దానికి 18,000 రూపాయలు కట్టాలి. పేరు తేడాతో అక్కడ ఆగడం ఎందుకు?

నా పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా వదిలేశారు మా నాన్నగారు. జర్మనీలో చాలా అపార్ట్‌మెంట్లకి ఫ్లాట్ నంబరుండదు, ఉత్తరాల డబ్బా మీద ఇంటిపేరు చూసి పోస్టుమన్ వేస్తాడు. నేను డబ్బా మీద ఇంటిపేరు రాసుకున్నాను, బ్యాంకు వాళ్లు పాస్‌పోర్టులో ఉన్న పేరుతో పంపారు. నా ఏటీఎం కార్డు రెండుసార్లు వెనక్కి పోయింది.