నేను సాక్షినా, ముద్దాయినా నాన్నా?

ప్రశ్న: నా వయసు 46. పోలీసు నేర పరిశోధన విభాగంలో సీనియర్ అధికారిని. ఇప్పుడు నా చేతిలో 14 కేసులున్నాయి, వాటిలో రెండు హత్యలు. ఏ టైముకి ఇల్లు చేరతానో నాకే తెలియదు. చేరినా మనసంతా ఫైళ్ల మీదే ఉంటుంది. మొన్న మా పదిహేనేళ్ల అమ్మాయి ఆలస్యంగా వస్తే నాలుగు ప్రశ్నలు అడిగాను. ‘నేను సాక్షినా, ముద్దాయినా నాన్నా?’ అంది. అప్పట్నుంచి ముభావంగా ఉంటోంది. ‘మీరు ఇంట్లో ఉన్నా లేనట్టే’ అంటోంది నా భార్య. ఉద్యోగం వదులుకోలేను. ఏం చేయమంటారు?

జవాబు: టైము చాలడం లేదన్నదే మీ బాధగా రాశారు. నాకు మాత్రం మీ అమ్మాయి మాట దగ్గరే అసలు సంగతి కనిపిస్తోంది. ఆ పిల్ల మీరు ఇంటికి రావట్లేదని అనలేదు. వచ్చాక ఎలా మాట్లాడుతున్నారో చెప్పింది.

అనుమానించడం మీ పనిలో భాగం. ఎప్పుడు బయల్దేరావు, ఎవరున్నారు, మధ్యలో ఆ అరగంట ఏమైంది, ఇలా అడిగిందే తిప్పి అడిగి, పొంతన కుదరని చోట ఆగడం ఏళ్ల తరబడి చేశాక నాలుకకు అలవాటైపోతుంది. మీ ప్రశ్నల వెనకున్నది భయమేనని నాకు అర్థమవుతోంది. పిల్లలకు ఏమేం జరగొచ్చో మీరు రోజూ చూస్తున్నారు కదా. కానీ ఆ భయం మీ అమ్మాయి చెవిన పడలేదు, విచారణే పడింది. ఈసారి భయమే ముందు చెప్పండి: ‘నువ్వు రాకపోతే నాకు కాళ్లూ చేతులూ ఆడవమ్మా.’ తర్వాత ఒక్క ప్రశ్న అడిగి ఊరుకోండి. ఆమె మౌనంగా ఉంటే దాన్నీ సాక్ష్యం కింద రాసుకోకండి. దానికంటే ముందు మొన్నటి సంగతికి క్షమాపణ చెప్పండి. అందులో ‘కానీ’ అన్న మాట రానివ్వకండి.

ఇక ఫైళ్లు. సగంలో ఆగిన పని మనసును వదలదని బ్లూమా జైగార్నిక్ అనే మనస్తత్వవేత్త 1927లోనే రాశారు. 2011లో మాసికాంపో, బౌమైస్టర్ అనే మనస్తత్వవేత్తలు చేసిన ప్రయోగాల్లో మీకు పనికొచ్చే విషయం ఒకటి బయటపడింది. పని పూర్తి కాకపోయినా, దాన్ని ఎప్పుడు ఎలా చేయాలో స్పష్టంగా రాసుకున్నవాళ్లకు ఆ ఆలోచనల తాకిడి తగ్గింది. కాబట్టి స్టేషన్ వదిలే ముందు, ఆరోజు బుర్ర తినేస్తున్న మూడు నాలుగు కేసులకు తర్వాతి అడుగు ఒక్కో వాక్యంలో రాయండి. ‘రేపు పదింటికి కాల్ రికార్డులు మళ్లీ చూడాలి’ అని రాస్తే చాలు. కేసు డైరీలు రాసే చేతికి ఇదో లెక్కా!

నిద్ర సంగతి మీరు రాయలేదు, నేనే ఎత్తుతున్నాను. 17 గంటలు ఏకధాటిగా మేలుకుని ఉన్న మనిషి చురుకుదనం, రక్తంలో 0.05 శాతం ఆల్కహాల్ ఉన్నవాడి స్థాయికి పడిపోతుందని 1997లో ప్రచురితమైన ఒక ప్రయోగంలో తేలింది. అలాంటి రాత్రి మీరు కారు నడపకండి, ఇంట్లో పెద్ద విషయాలూ తేల్చకండి.

మీ భార్య విషయంలో నా సలహా కొంచెం వింతగా అనిపించొచ్చు. ఎనిమిదింటికి వస్తానని మాటివ్వడం మానేయండి, నిలబెట్టుకోలేరు. రానని తెలిసిన క్షణమే ఫోన్ చేస్తానని మాటివ్వండి, అది మీ చేతిలో పని. కేసు వివరాలు ఇంట్లో చెప్పకూడదు, నిజమే. ‘ఇవాళ చూసింది చిన్నపిల్లాడి కేసు, మాట్లాడే ఓపిక లేదు, నీ మీద కోపం కాదు’ అనడానికి ఏ రహస్యమూ అడ్డు రాదు. అదీ చెప్పకపోతే మీ మౌనానికి కారణం తానేనేమో అనుకుంటుంది. వారానికొక సాయంత్రం మొదటి ఫోన్ మీ కింది అధికారికి వెళ్లేలా చూడండి. ‘వాడికి చేతకాదు’ అంటారేమో, మీకూ ఒకప్పుడు చేతకాలేదు.

చూసిన దృశ్యాలే కళ్లముందు తిరుగుతున్నా, నిద్ర కోసం మద్యం తాగుతున్నా వెంటనే డాక్టర్‌ని కలవండి. ఎప్పుడైనా చావు ఆలోచన వస్తే ఆ క్షణమే దగ్గరివాళ్లెవరికైనా చెప్పి, తుపాకీ వాళ్లకు అప్పగించండి.

ఒక నెల ఇలా చేసి చూడండి. అప్పటికీ మీ భార్య ‘లేనట్టే’ అంటే, ఇద్దరూ కలిసి కౌన్సెలర్ దగ్గరకు వెళ్లండి. అక్కడ మొదట ఆమెనే మాట్లాడనివ్వండి.