గ్లాస్గో కథ రాస్తున్న అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

నీ కథ మొదలుపెట్టాక మధ్యలో ఆపలేకపోయాను. రాత్రి షాపు మూసే వేళ నీ కుర్రాడు షట్టర్ పక్కన నిలబడి, గుంటూరులో ఉన్న అమ్మకి ఫోన్లో "తిన్నానమ్మా, అన్నం వండుకున్నాను" అని అబద్ధం చెప్పే చోట నాకు గొంతు పట్టేసింది. మనుషుల్ని రాయడం నీకు వచ్చు. వచ్చు కాబట్టే ఇంత పెద్ద ఉత్తరం రాస్తున్నాను.

పోలీసులు అడుగుపెట్టిన పేజీ నుంచి మాత్రం కథ గ్లాస్గోలో లేదు. నీ ఇన్‌స్పెక్టర్ కాసేపు లండన్ సీరియల్లో మనిషిలా మాట్లాడాడు, కాసేపు మన సినిమా ఎస్సైలా కాలర్ పట్టుకున్నాడు. కోర్టులో మేజిస్ట్రేటు సుత్తి కొట్టాడు. ఒక్క సాక్షి వేలు చూపించగానే శిక్ష పడిపోయింది. ఇవన్నీ చిన్న విషయాలే, పాఠకులు పట్టించుకోరని నువ్వు అనుకుంటున్నావేమో. నేను ఒప్పుకోను. నేరం చుట్టూ తిరిగే కథలో ఎవరికి ఏ అధికారం ఉందో, ఎవరు ఎక్కడ ఆగిపోవాలో రాసేవాళ్ళకి తెలియకపోతే పాత్రలు పడే టెన్షన్ కూడా ఉత్తుత్తిదే అవుతుంది.

గ్లాస్గో ఉన్నది స్కాట్లండ్‌లో, బ్రిటన్ అంతటికీ ఒకే చట్టం లేదు. 1707లో ఇంగ్లండుతో కలిసినప్పుడు స్కాట్లండ్ తన చట్టాన్నీ కోర్టుల్నీ తనకే ఉంచుకుంది. పోలీసులు కూడా వేరే: 2013 ఏప్రిల్ 1న అక్కడి ఎనిమిది దళాలు కలిసి పోలీస్ స్కాట్లండ్ అయ్యాయి. నేరాలన్నీ ఒకచోట రాసిపెట్టిన మన పాత పీనల్ కోడ్, ఇప్పటి భారతీయ న్యాయ సంహిత లాంటి పుస్తకం అక్కడ లేదు. హత్య, దాడి, దొంగతనం వంటివి ఇప్పటికీ పాత తీర్పుల్లోంచి పెరిగిన కామన్ లా నేరాలే. అందుకని నీ లాయరు హత్యకి సెక్షన్ నంబరు చెప్పే డైలాగు తీసెయ్యి.

నీ కథలో నేరం ఏమిటో కూడా తేల్చుకో. షాపు బయట గొడవ. నీ కుర్రాడి రూమ్మేట్ ఒక్క గుద్దు గుద్దాడు, అవతలి మనిషి వెనక్కి పడి తల పగిలి చనిపోయాడు. నువ్వు దీన్ని మర్డర్ అన్నావు. అక్కడ మర్డర్ అంటే చంపాలన్న దుర్బుద్ధి ఉండాలి, లేకపోతే చచ్చినా బతికినా నాకేంటి అన్నంత దారుణమైన తెగింపు ఉండాలి. ఒక్క గుద్దుకి ప్రాణం పోతే అది సాధారణంగా కల్పబుల్ హోమిసైడ్, అంటే మర్డర్ కాని నరహత్య. మర్డర్ రుజువైతే జడ్జి చేతిలో ఏమీ ఉండదు, యావజ్జీవం వెయ్యాల్సిందే. కల్పబుల్ హోమిసైడ్‌కి శిక్ష ఎంతన్నది పూర్తిగా జడ్జి చేతిలో పని. ఆ రూమ్మేట్ జీవితమంతా ఈ రెండింటి మధ్యే ఊగుతోంది కదా, ఆ ఊగిసలాట నీ కథలో ఎందుకు లేదు? గుద్దిన వాడి పక్కన నిలబడి "కొట్టరా" అని అరిచిన స్నేహితుణ్ణి కూడా వదిలేశావు. అక్కడ ఆర్ట్ అండ్ పార్ట్ అనే సూత్రం ఉంది, మన పాత పీనల్ కోడ్ 34వ సెక్షన్‌లోని ఉమ్మడి ఉద్దేశం లాంటిది. చెయ్యి ఎత్తకపోయినా ఆ నేరంలో భాగస్థుడివే అనొచ్చు. ఆ స్నేహితుడికి ఇంట్లో నిద్ర పట్టకూడదు.

దొంగతనం సీను గురించి ఒక మాట చెప్పి వదిలేస్తాను. తాళం లేని తలుపు తోసుకుని లోపలికి వెళ్ళి లాప్‌టాప్ తీసుకుంటే అది మామూలు దొంగతనం. హౌస్‌బ్రేకింగ్ అనాలంటే తాళమో గడియో, ఆ ఇంటికి ఉన్న ఏదో ఒక రక్షణని దాటుకుని వెళ్ళాలి. ఆ లాప్‌టాప్ దొంగసొత్తని తెలిసీ దగ్గర పెట్టుకున్నవాడిది రీసెట్ అనే వేరే నేరం.

బ్యుకానన్ స్ట్రీట్‌లో కానిస్టేబుల్ నీ కుర్రాణ్ణి ఆపి "బ్యాగు తెరువు" అంటాడు, వీడు తెరుస్తాడు, అంతే. కారణం ఎక్కడ? ఒకప్పుడు అక్కడా "చూడొచ్చా" అని అడిగి, ఒప్పుకుంటే వెతికేవాళ్ళు. 2017 మే నుంచి ఆ పద్ధతి పోయింది. కొన్ని ప్రత్యేక సందర్భాల్లో తప్ప, డ్రగ్సో దొంగసొత్తో ఆయుధమో ఉందని అనుమానించడానికి సహేతుకమైన కారణం ఉండాలి, ఏ చట్టం కింద వెతుకుతున్నాడో చెప్పాలి. కాబట్టి ఆ కానిస్టేబుల్‌కి నువ్వు ఒక కారణం ఇవ్వాలి. నీ దగ్గర అది రెడీగా ఉంది కూడా: బ్యాగులో వంటింటి కత్తి. కొత్త ఫ్లాటుకి సామాను మారుస్తూ పాత టవల్లో చుట్టి పెట్టుకున్నాడు, పిడి బయటికి కనిపిస్తోంది. స్కాట్లండ్‌లో బహిరంగ స్థలంలో కత్తి దగ్గర ఉంటేనే నేరం. మూడు అంగుళాలు దాటని బ్లేడున్న మడత చాకుకి మినహాయింపు ఉంది. మిగతా వాటికి సరైన కారణం ఉందని చూపించుకోవాల్సింది పట్టుబడినవాడే. చట్టం తనే కొన్ని కారణాలు చెప్పింది: పనికోసం, మతాచారం కోసం, జాతీయ దుస్తుల్లో భాగంగా. కిల్ట్ కట్టి, మేజోడులో చిన్న బాకు దోపుకుని పెళ్ళికి వెళ్ళే స్కాటిష్ పెద్దమనిషి నీ కుర్రాడి పక్కనుంచే నడిచి వెళ్ళిపోతాడు. వీడు టవల్లో కత్తి గురించి వచ్చీరాని యాసలో వివరిస్తూ నిలబడతాడు. రాసి చూడు, ఆ పేజీ నిలబడుతుంది.

ఇప్పుడు అరెస్టు. నీ ఇన్‌స్పెక్టర్ "ఇప్పుడు చెప్పకుండా కోర్టులో చెబితే నీకే నష్టం" అన్నాడు. అది ఇంగ్లండు హెచ్చరిక, టీవీలో విని రాశావు. స్కాట్లండ్‌లో పోలీసు చెప్పేది వేరు: నువ్వు ఏమీ చెప్పనక్కర్లేదు, చెబితే అది రాసుకుంటాం, సాక్ష్యంగా వాడొచ్చు. అంతే. నోరు మూసుకున్నందుకు తప్పుచేశాడని అనుకోమని జ్యూరీకి చెప్పడానికి వీల్లేదు. పేరు, చిరునామా, పుట్టిన తేదీ, పుట్టిన ఊరు, ఏ దేశస్థుడన్నదీ చెప్పాలి, మిగతా దేనికీ జవాబివ్వక్కర్లేదు. ఇంగ్లీషు సరిగా అర్థంకాకపోతే దుబాసీని అడిగే హక్కు ఉంది. ఛార్జ్ చెయ్యకుండా 12 గంటలు ఉంచొచ్చు. దర్యాప్తుతో సంబంధంలేని ఇన్‌స్పెక్టరో అంతకన్నా పైవాళ్ళో ఇంకో 12 గంటలు పెంచొచ్చు. లాయరుతో ఒంటరిగా మాట్లాడొచ్చు, ప్రశ్నలడిగేటప్పుడు పక్కన కూర్చోబెట్టుకోవచ్చు. ఈ లాయరు సంగతి అక్కడా పాతది కాదు. 2010 అక్టోబరు 26న కేడర్ కేసులో యూకే సుప్రీంకోర్టు తీర్పు వచ్చేదాకా, అనుమానితుణ్ణి ఆరు గంటలదాకా లాయరు లేకుండానే ప్రశ్నించేవాళ్ళు. తీర్పు వచ్చిన మర్నాడే స్కాటిష్ పార్లమెంటు హడావుడిగా కొత్త చట్టం చేసింది. నీ కథ ఏ ఏడాదిలో జరుగుతోందో నాకు ఎక్కడా కనిపించలేదు. 2005 అయితే ఆ గదిలో నీ కుర్రాడు ఒంటరి. 2019 అయితే పక్కన ఒక మనిషి ఉంటాడు, "జవాబు చెప్పకు" అంటాడు. రెండూ వేరు వేరు కథలు.

అరెస్టు శుక్రవారం రాత్రికి మార్చు. ఛార్జ్ చేసి వదలకపోతే కోర్టు పనిచేసే తర్వాతి రోజుకి హాజరు పరచాలి, అంటే సోమవారం. శనివారం, ఆదివారం సెల్‌లోనే. అమ్మ ఫోన్ చేస్తూ ఉంటుంది, అది ఎక్కడో ప్లాస్టిక్ కవర్లో మోగుతూ ఉంటుంది.

ఇక నేను అసలు చెప్పాలనుకున్న విషయం. నీ కథలో షాపు ఎదురింటావిడ "వీడే, నేను చూశాను" అంది, కేసు ముగిసింది. స్కాట్లండ్‌లో ముగియదు. నేరం జరిగిందనీ, చేసింది ఈ మనిషేననీ, ఈ రెండు ముఖ్య సంగతులకీ వేర్వేరు చోట్లనుంచి కనీసం రెండు సాక్ష్యాలు కావాలి. దాన్ని కరాబరేషన్ అంటారు. ఆవిడ ఎంత నిజాయితీపరురాలైనా, జ్యూరీ మొత్తం ఆవిడని నమ్మినా, తోడుగా రెండోది లేకపోతే శిక్ష లేదు. రెండోది మనిషే కానక్కర్లేదు: సీసీటీవీ, చొక్కామీద రక్తం, డీఎన్ఏ, ఏదైనా. ఈ ఒక్క నియమం అక్కడి పోలీసు పని తీరునే మార్చేసింది. అందుకే అక్కడ పోలీసులు జంటగా కనిపిస్తారు: ఒకరు అడిగితే ఇంకొకరు వింటారు. దీన్ని తీసేద్దామని 2013లో ప్రభుత్వం బిల్లు తెచ్చింది. వ్యతిరేకత వచ్చి 2015లో ఆ ప్రతిపాదన వదులుకుంది.

నేరం ఒప్పుకోవడం కూడా నువ్వు మన పద్ధతిలోనే రాశావు. మన దగ్గర పోలీసుల ముందు ఒప్పుకున్నది కోర్టులో చెల్లదు, ఆ మాటని బట్టి దొరికిన వస్తువు వరకే పనికొస్తుంది. అక్కడ బలవంతం లేకుండా చెప్పినదైతే చెల్లుతుంది, కానీ దానికీ రెండో ఆధారం కావాలి. 1958లో గ్లాస్గోలో విచారణ జరిగిన పీటర్ మాన్యుయెల్ కేసు చూడు. ఒక అమ్మాయి శవాన్ని పొలంలో ఎక్కడ పాతిపెట్టాడో తనే పోలీసులకి చూపించాడు. చేసినవాడికి తప్ప తెలియని సంగతి చెప్పడం, అది నిజమని తేలడం, ఈ రెండూ కలిసి ఒకదానికొకటి ఆసరా అయ్యాయి. అదే ఏడాది జులైలో బార్లినీ జైల్లో అతన్ని ఉరితీశారు.

నీ కథలో అన్నిటికన్నా బలమైన పాత్ర నువ్వు మూడు పేరాలతో వదిలేసిన ఆ అమ్మాయి. అదే షాపులో పనిచేసే వరంగల్ పిల్ల. స్టాక్ రూములో మేనేజరు ఆమె మీద చెయ్యి వేస్తాడు. చూసినవాళ్ళు లేరు. ఆమె ఫిర్యాదు చేస్తుంది, వాడు జైలుకి వెళ్తాడు. అంత తేలికైతే ఆమె అన్ని నెలలు ఎందుకు భరించింది? నీకు తెలియకుండానే నువ్వు స్కాటిష్ చట్టంలోని పెద్ద కేసుల్లో ఒకదాని గుమ్మంలో నిలబడ్డావు. 1930లో గ్లాస్గోలో బట్టల వ్యాపారి మూరోవ్ మీద కేసు నడిచింది. తన దగ్గర పనిచేసే ఆడపిల్లల్ని వేధించాడన్నది ఆరోపణ. చాలా ఘటనల్లో సాక్షి ఆ పిల్ల ఒక్కతే. కోర్టు ఏమందంటే, కాలంలో, తీరులో, పరిస్థితుల్లో ఆ ఘటనలు ఒకదానితో ఒకటి ముడిపడి, ఒకే నడతలో భాగాలుగా కనిపిస్తే, ఒక పిల్ల మాట ఇంకో పిల్ల మాటకి ఆసరా అవుతుంది. ఇవాళ్టికీ కోర్టుల్లో రోజూ వినపడే సూత్రం అది.

ఇప్పుడు నీ వరంగల్ పిల్ల గురించి ఆలోచించు. ఆమెకి ముందు అదే షాపులో పనిచేసి, ఏమీ చెప్పకుండా మానేసి వెళ్ళిపోయిన ఇంకో అమ్మాయి ఉండి ఉంటుంది. ఆమెది మన ఊరు కాకపోవచ్చు, మన భాష కాకపోవచ్చు. నీ పిల్ల ఆమెని వెతుక్కుంటూ వెళ్ళాలి. కానీ ఇద్దరూ కూడబలుక్కున్నారని అవతలి లాయరు అంటాడేమో అన్న భయం కూడా ఉండాలి. లేదా ఆ రాత్రే ఏడుస్తూ ఎవరికైనా చెప్పిందా? 2023లో, 2024లో హైకోర్టు పెద్ద బెంచీలు రెండు సాక్ష్యాల నియమాన్ని కొంత సడలించాయి. జరిగిన వెంటనే బాధితురాలు వేరొకరికి చెప్పిన మాట, అప్పటి ఆమె కన్నీళ్ళు కూడా ఇప్పుడు ఆసరా కావచ్చు. ఆమె ఆ రాత్రి ఎవరితో మాట్లాడిందన్నదే కథ కావచ్చు. ఆ కుర్రాణ్ణి పక్కన పెట్టి కథంతా ఈ పిల్ల చుట్టూ తిప్పినా నేను సంతోషిస్తాను.

రాజీ సీను కొట్టెయ్యి. చనిపోయినవాడి అన్న "కేసు వెనక్కి తీసుకుంటాను" అంటాడు నీ కథలో. ఆ కేసు అతనిది కాదు. పోలీసులు రిపోర్టు పంపుతారు, నడపాలా వద్దా అన్నది ప్రొక్యురేటర్ ఫిస్కల్ అనే ప్రభుత్వ ప్రాసిక్యూటరు నిర్ణయం. ప్రజల తరఫున కేసులు నడిపే ఆ వ్యవస్థకి పైన లార్డ్ అడ్వకేట్ ఉంటారు. అన్నయ్య క్షమించినా కేసు నడుస్తుంది. క్షమించిన మనిషి సాక్షిగా పిలుపందుకుని కోర్టుకి రావాల్సి రావడంలో ఎంత బరువుందో చూడు.

కోర్టు భాగం త్వరగా చెప్పేస్తాను. షెరిఫ్ అంటే అక్కడ జడ్జి, తుపాకీ ఉన్న పోలీసు కాదు. జ్యూరీతో కూర్చున్న షెరిఫ్ అయిదేళ్ళ దాకా శిక్ష వెయ్యగలడు. మర్డర్ అయితే హైకోర్టే విచారించాలి. సుత్తి ఎక్కడా లేదు. ఇలాంటి పెద్ద కేసులో నిందితుడి మొదటి హాజరు తలుపులు మూసి జరుగుతుంది, కాబట్టి బాబాయి గ్యాలరీలో కూర్చుని కళ్ళు తుడుచుకునే దృశ్యం విచారణ రోజుకి జరుపు. జ్యూరీలో 15 మంది. గిల్టీ, నాట్ గిల్టీ కాక నాట్ ప్రూవెన్, అంటే రుజువు కాలేదు, అనే మూడో తీర్పు తరతరాలుగా ఉండేది, 15 మందిలో 8 మంది దోషి అంటే చాలేది. 2025లో స్కాటిష్ పార్లమెంటు ఆమోదించిన చట్టం ఆ మూడో తీర్పుని ఎత్తేసి, దోషి అనడానికి మూడింట రెండొంతుల మంది కావాలంది. మళ్ళీ అడుగుతున్నాను, నీ కథ ఏ ఏడాది?

నువ్వు గ్లాస్గోలోనే ఉన్నావు కాబట్టి ఒక పని చెయ్యి. క్లైడ్ నది పక్కన కార్ల్‌టన్ ప్లేస్‌లో షెరిఫ్ కోర్టు ఉంది. బహిరంగ విచారణలకి ఎవరైనా వెళ్ళి వెనక కూర్చోవచ్చు. ఫోన్ ఆపెయ్యి, రికార్డు చెయ్యకు, అది కోర్టు ధిక్కారం. గ్లాసు వెనక నిలబడిన నిందితుడి చేతులు చూడు, అతని కోసం వచ్చినవాళ్ళు కోట్లు విప్పకుండా ఎలా కూర్చుంటారో చూడు. నేను అక్కడ కూర్చున్న రోజుల్లో ఎక్కువ కేసులు బస్సు టికెట్టు కొనేంత సేపట్లో అయిపోయాయి. పేరు, తేదీ, తర్వాతి వాయిదా. వెనక ఎవరో ఆడమనిషి "అంతేనా?" అని పక్కావిడని అడుగుతుంది.

మొత్తం తిరగరాసి పంపక్కర్లేదు. ముందు వరంగల్ పిల్ల పోలీసులకి స్టేట్‌మెంటు ఇచ్చే సీను ఒక్కటి రాసి పంపు. ఇద్దరు పోలీసులు, ఒక బల్ల, "ఇది ఇంకెవరికైనా చెప్పారా?" అన్న ప్రశ్న దగ్గర మొదలుపెట్టు.

ఆశీస్సులతో,
నీ శ్రేయోభిలాషి