బండి సంగతి సరే, ముందు బ్యాటరీ మాట విను

చిరంజీవి కిరణ్‌కు,

అత్తయ్య ఆశీస్సులు. నువ్వూ పాపా కలిసి పెరంబూరు ఇంట్లో రాళ్లెక్కే రిమోట్ బండి తయారు చేస్తున్నారని మీ నాన్న ఫోనులో చెప్పాడు. ఎంత సంతోషించానో! అంబత్తూరులో మోటార్లకు తీగ చుట్టిన నా పనితనం మన ఇంట్లో నాతోనే ఆగిపోతుందని బెంగగా ఉండేది. అంతలోనే మీ నాన్న, "రాత్రి పడుకునేటప్పుడు మంచం పక్కనే ఛార్జింగ్ పెట్టేస్తాడు, పొద్దున్నకల్లా సిద్ధం" అన్నాడు. ఇక నాకు కంటిమీద కునుకు లేదు. పసిపిల్ల పడుకునే గదిలోనా కిరణ్?

మీ బావ ఇంజనీరింగ్ చదివేటప్పుడు జరిగింది నీకు ఎవరూ చెప్పి ఉండరు. వాడి దగ్గరా ఒక రిమోట్ బండి ఉండేది. ఆడుకుని, స్విచ్ ఆపకుండా బీరువాలో పెట్టాడు. తీసి చూస్తే లిథియం బ్యాటరీ పూర్తిగా దిగిపోయింది. అందులో ఒక్కో సెల్ 3 వోల్టుల కంటే దిగువకు పోకూడదు. అందుకే ఛార్జర్ దాన్ని తీసుకోనంది. ఆ యంత్రం సరిగ్గానే చెప్పింది. కానీ ఎవరో స్నేహితుడు, నికెల్ బ్యాటరీల పద్ధతిలో కాసేపు పెడితే లేచి కూర్చుంటుందని సలహా ఇచ్చాడు. వీడు పెట్టాడు, అదీ పరుపు మీద. పెట్టి అన్నానికి వచ్చాడు. నికెల్ పద్ధతిలో ఛార్జర్ కరెంటును తోస్తూనే ఉంటుంది. నిండాక వోల్టేజి కాస్త తగ్గితే, ఆ గుర్తు చూసి ఆగుతుంది. లిథియం సెల్ ఆ గుర్తు ఇవ్వదు, దాన్ని 4.2 వోల్టుల దగ్గర మనమే ఆపాలి. ఇక్కడ ఆపేవాళ్లు ఎవరూ లేరు. గదిలోంచి బుస్సుమని చప్పుడు వినిపించి పరుగెత్తాను. బ్యాటరీ పూరీలా ఉబ్బి, ఒక మూల చిట్లి తెల్లటి పొగ కక్కుతోంది. మీ మామయ్య ఇసుక బకెట్ తెచ్చి కుమ్మరించారు. మంట ఆగింది కానీ పరుపులో పత్తి లోపల్లోపల రాజుకుంటూనే ఉంది. బాల్కనీలోకి ఈడ్చి, నీళ్లతో పూర్తిగా తడిపేదాకా ఊపిరి పీల్చుకోలేదు. కేకలేద్దామని వాడి వైపు తిరిగాను. చేతులు వణుకుతున్నాయి వాడికి. ఒక్క మాట కూడా అనలేకపోయాను, దగ్గరకు తీసుకున్నాను.

అందుకని విను. నువ్వు మెలకువగా, అదే గదిలో ఉన్నప్పుడే ఛార్జింగ్. గచ్చు మీదో పింగాణీ పళ్లెంలోనో పెట్టు. మంచం, సోఫా, కర్టెన్ల దగ్గర పెట్టవద్దు. బ్యాటరీలోని రెండు సెల్‌లనూ సమంగా నింపే బ్యాలెన్స్ ఛార్జర్ వాడు. 350 ఎంఏహెచ్ బ్యాటరీకి 0.35 ఆంపియర్లు చాలు, తొందరపడి పెంచవద్దు. కొన్నాళ్లు ఆడనప్పుడు సెల్‌కు 3.8 వోల్టుల దగ్గర ఉంచి బండిలోంచి తీసేయి. ఉబ్బినదాన్ని మళ్లీ ఛార్జ్ చేయడమన్న మాటే వద్దు.

ఇక బండి. ఇంట్లో తోలడానికి యాక్సియల్ ఎస్‌సీఎక్స్24 లాంటిది, అంటే అసలు బండిలో 1/24 వంతు సైజు చాలు. ట్రాక్సస్ టీఆర్ఎక్స్-4ఎమ్ 1/18, మీ హాలుకు అది కొంచెం పెద్దది. ముందు కొన్నది కొన్నట్టే తోలు. ఏది ఎక్కలేకపోతోందో చూశాకే విడిభాగాలు కొను. మంచి 1.5 మిల్లీమీటర్ల అలెన్ కీ తీసుకో, చౌకది స్క్రూ తలలు అరగదీస్తుంది. స్క్రూలు వదులు కాకుండా వేసే జిగురు, థ్రెడ్‌లాక్, ఇనుములో దిగే ఇనుప స్క్రూలకే. ప్లాస్టిక్‌కు తగిలితే పగుళ్లు వస్తాయి.

బరువు ఎంత కిందికి ఉంటే బండి అంత నిలబడుతుంది. ఇత్తడి భాగాలు ఇరుసుల మీదా చక్రాల దగ్గరా వేయి, వెనకకంటే ముందు ఎక్కువ. ఎక్కేటప్పుడు ముందు చక్రాలు గాలిలోకి లేవకుండా అదే అదిమి పెడుతుంది. పైకప్పు మీద క్యారియరూ పెట్టెలూ పాపకు ముచ్చటే, కానీ ఏటవాలులో బండిని బోర్లా పడేసేవి అవే. టైరు షాపులో దొరికే అంటించే బరువులు చౌక అని తెస్తావేమో, వాటిలో సీసం ఉండవచ్చు. పాప చేతులు నోట్లోకి పోతాయి. ఇత్తడే కొను, డబ్బు తక్కువైతే నేనిస్తాను.

మోటారు నా సబ్జెక్టు కాబట్టి ఒక మాట. చుట్లు ఎక్కువున్న మోటారు వేగం తక్కువ, నిదానంగా పాకుతుంది. నీకు కావలసింది అదే. రిచీ స్ట్రీట్ ఎలక్ట్రానిక్స్ దుకాణాల్లో ఎవరైనా "స్పీడు మోటారు" అంటగడితే తీసుకోకు. ఇత్తడి బరువెక్కాక మొదటి రోజు మధ్యమధ్య ఆపి మోటారు మీద వేలు పెట్టి చూడు. వేలు నిలవకపోతే బండికి విశ్రాంతినివ్వు. స్టీరింగ్ పూర్తిగా తిప్పి పట్టుకున్నప్పుడు సర్వో, అంటే ముందు చక్రాలను పక్కకు తిప్పే చిన్న మోటారు, గుయ్‌మంటే, రిమోట్‌లో దాని తిరుగుడు హద్దు తగ్గించు. లేకపోతే ముందు పోయేది అదే.

బండి ఎక్కడానికి చేసే బొమ్మ కొండలకు థర్మకోల్ పలకలు అంటించి కత్తితో చెక్కండి. స్ప్రే పెయింట్ కొడితే థర్మకోల్ కరిగిపోతుంది, గోడలకు వేసే ఎమల్షన్ వేయండి. రంగు తడిగా ఉన్నప్పుడే ఇసుక చల్లితే టైరుకు పట్టు దొరుకుతుంది. తోలాక ఇరుసులకు చుట్టుకున్న తలవెంట్రుకలు తీసేయి. మీ ఇంట్లో ఇద్దరు ఆడవాళ్లున్నారు, రోజూ చుట్టుకుంటాయి. బండి ఇరుకులో తిరగడం లేదని మాత్రం దిగులు పడకు. ఇలాంటి బండిలో ఇరుసుకు రెండు చక్రాలూ కలిసే తిరుగుతాయి, మలుపు పెద్దదే వస్తుంది.

నీ ఛార్జర్ ఏ రకమో ఇప్పుడే ఫోటో తీసి పంపు, దాని మీది అక్షరాలు కనిపించేలా. నేను చూసి చెప్పేదాకా మంచం పక్కన ప్లగ్ పెట్టవద్దు.

ఆశీస్సులతో,
అత్తయ్య