ప్రశ్న – సమాధానం: రూబీ ప్రోగ్రామింగ్ భాషలో కాపీ చేసినా అసలు ఎందుకు మారుతుంది?

ప్రశ్న: పేర్లున్న ఒక అర్రేను (వరుస జాబితాను) డప్ (dup) అనే మెథడ్‌తో కాపీ చేసి, కాపీలోని పేరును మార్చితే అసలు అర్రేలోనూ మారింది. అసలు అర్రేను ముందే ఫ్రీజ్ చేసినా (మార్చడానికి వీల్లేకుండా చేసినా) అంతే. కారణం ఏమిటి?

సమాధానం: డప్ మీకిచ్చినది కొత్త అర్రేయే గాని, అందులోనివి కొత్త స్ట్రింగులు (పాఠ్య విలువలు) కావు, రెండు అర్రేలూ అవే స్ట్రింగులను చూపుతున్నాయి. అందువల్ల కాపీకి మరో పేరు చేర్చితే అసలుకు ఏమీ కాదు గాని, ఉన్న స్ట్రింగునే ఆశ్చర్యార్థక గుర్తున్న అప్‌కేస్ మెథడ్‌తో (upcase!, అక్షరాలను పెద్దవిగా చేసేది) మార్చితే ఆ మార్పు రెండుచోట్లా కనిపిస్తుంది. ఫ్రీజ్ కూడా పై పొరకే పరిమితం: అర్రేలో చేర్పులను, తీసివేతలను అది అడ్డుకుంటుంది తప్ప లోపలి స్ట్రింగులను కాపాడదు.

మీ అవసరానికి మ్యాప్‌తో (ప్రతి అంశంపై ఒకే పని చేసి కొత్త అర్రేను ఇచ్చే మెథడ్) ప్రతి స్ట్రింగునూ విడిగా డప్ చేయడమే మేలైన మార్గం. అర్రేలో అర్రేలు, హ్యాష్‌లు (కీ, విలువ జతల సముదాయాలు) ఉన్నప్పుడు మార్షల్‌తో (డేటాను బైట్లుగా మార్చి తిరిగి తెచ్చే రూబీ మాడ్యూల్) డంప్ చేసి తిరిగి లోడ్ చేయవచ్చు; అయితే ప్రాక్‌లు (కోడ్ ముక్కను దాచుకునే ఆబ్జెక్టులు) ఉన్నచోట అది పనిచేయదు.

క్లోన్ (మరో కాపీ మెథడ్) అంటే లోపలివాటినీ కొత్తగా చేసే లోతైన కాపీ అని చాలామంది పొరబడతారు. అదీ పైపై కాపీయే. ఫ్రీజ్ స్థితిని క్లోన్ నిలుపుతుంది, డప్ వదిలేస్తుంది, ముఖ్యంగా గుర్తుంచుకోవలసిన తేడా ఇదే. పూర్ణాంకాలు, సింబళ్లు (రూబీలో పేర్లుగా వాడే విలువలు), నిల్ (ఏమీ లేదని చెప్పే విలువ) ఎప్పటికీ మారనివే కనుక, రూబీ 2.4 నుంచి వాటిని డప్ చేస్తే అవే తిరిగి వస్తాయి.