పార్టు మార్చే ముందు: మీ ప్రశ్నలకు మా జవాబులు

ప్రశ్న: మెకానిక్ కోర్సు పూర్తయింది. సర్వీసింగ్, బ్రేకులు, క్లచ్ పనులు వచ్చు. అడ్వాన్స్‌డ్ డయాగ్నోసిస్ శిక్షణలో చేరాలని ఉంది. స్కానర్ పెడితే లోపం కోడు అదే చెబుతుంది కదా, ఇంకా నేర్పేదేముంటుంది?

జవాబు: కోడు లోపాన్ని చెప్పదు, కంప్యూటర్‌కు ఏది తేడాగా కనిపించిందో చెబుతుంది. పీ0171 చూడండి. మిశ్రమంలో పెట్రోలు తక్కువ, గాలి ఎక్కువ అని దానర్థం. ఈ కోడు చూడగానే చాలామంది ఎగ్జాస్ట్‌లో మిగిలిన ఆక్సిజన్‌ను కొలిచే ఆక్సిజన్ సెన్సర్ మార్చేస్తారు. సెన్సర్ మాత్రం చాలాసార్లు ఉన్నమాటే చెబుతుంటుంది.

కోడు చెరిపేయకముందే లైవ్ డేటాలో ఫ్యూయల్ ట్రిమ్, అంటే కంప్యూటర్ పెట్రోలును ఎంత శాతం పెంచుతోందో (ప్లస్), తగ్గిస్తోందో (మైనస్) చూడాలి. షార్ట్ టర్మ్ (అప్పటికప్పుడు చేసే సవరణ), లాంగ్ టర్మ్ (నేర్చుకుని నిలుపుకున్న సవరణ) రెండూ కూడితే ప్లస్ లేదా మైనస్ 10 శాతం లోపు ఉండటం మామూలే. ఐడిలింగ్‌లో ప్లస్ 25 ఉండి, 2500 ఆర్‌పీఎమ్‌కి తీసుకెళ్లగానే ప్లస్ 5కి దిగితే ఇన్‌టేక్‌లో ఎక్కడో గాలి చొరబడుతోంది. ఐడిలింగ్‌లో ఇంజన్ పీల్చే గాలే కొద్ది కాబట్టి దొంగగాలి వాటా పెద్దదవుతుంది. అదే ఐడిలింగ్‌లో బాగుండి, లోడు పడే కొద్దీ ట్రిమ్ పెరుగుతూ పోతే ఇంధన ప్రెషర్, ఫిల్టర్, గాలిని కొలిచే మాఫ్ సెన్సర్ మీద పేరుకున్న మురికి చూడాలి. మాఫ్ లేకుండా, ఇన్‌టేక్‌లోని పీడనాన్ని కొలిచే మ్యాప్ సెన్సర్‌తో నడిచే ఇంజన్లలో ఈ లెక్క ఇలాగే రాదు. వాటిలో గాలి లీకైతే ట్రిమ్ కంటే ముందు ఐడిలింగ్ పెరగడం కనిపిస్తుంది. ఆక్సిజన్ సెన్సర్‌కు ముందు ఎగ్జాస్ట్‌లో చిన్న కన్నమున్నా బయటి గాలి లోపలికి లాక్కుని ఇదే కోడు రావచ్చు.

స్కానర్ కొనుక్కోవచ్చు. ఈ ఆలోచన మాత్రం శిక్షణలోనే అలవడాలి. చేరే ముందు ఒక్క సంగతి కనుక్కోండి: బళ్లలో కావాలని లోపాలు పెట్టి, పార్టు విప్పకుండా కారణాన్ని రీడింగులతో సహా కాగితం మీద రాయిస్తారా? ఇది లేని కోర్సులో ఎంత ఖరీదైన పరికరాలున్నా మీకు ఒరిగేది తక్కువ.

ప్రశ్న: నాలుగు సిలిండర్ల పెట్రోల్ ఇంజన్ మిస్సవుతోంది. కంప్రెషన్ 170, 165, 95, 168 పీఎస్ఐ వచ్చింది. ఇంజన్ దించాల్సిందేనా?

జవాబు: ఇప్పుడే దించకండి. ముందు ఆ అంకెల్ని నమ్మవచ్చో లేదో తేల్చుకోండి. ఇంజన్ వేడిగా ఉండాలి, బ్యాటరీ నిండుగా ఉండాలి, అన్ని ప్లగ్గులూ తీసి, ఇంజెక్టర్లు, ఇగ్నిషన్ డిస్‌కనెక్ట్ చేయాలి. థ్రాటిల్ పూర్తిగా తెరిచి, ప్రతి సిలిండర్‌కూ గేజిలో ఒకే లెక్కన అయిదారు దెబ్బలు పడేలా తిప్పాలి. థ్రాటిల్ మూసి ఉంచితే అన్నీ తక్కువే చూపిస్తాయి.

కనిష్ఠం గరిష్ఠంలో 75 శాతానికి తగ్గకూడదన్నది వాడుకలో ఉన్న లెక్క. 170లో 75 శాతమంటే దాదాపు 128. మీ మూడో సిలిండర్ ఎక్కడో కింద ఉంది. గేజి ముల్లు కదిలే తీరు కూడా గమనించండి. మొదటి దెబ్బకు తక్కువగా ఉండి తర్వాత మెల్లగా పేరుకుంటూ పోతే రింగుల మీద అనుమానం. మొదటి నుంచీ తక్కువగానే ఉండిపోతే వాల్వుల మీద.

తర్వాత ఆ సిలిండర్‌లో ఒక చెంచా, అంటే 5 మిల్లీలీటర్ల ఇంజన్ ఆయిల్ పోసి మళ్లీ చూడండి. రీడింగ్ బాగా పెరిగితే రింగులు లేదా బోరు. కదలకపోతే వాల్వు, లేదంటే హెడ్ గాస్కెట్. పక్కపక్కనున్న రెండు సిలిండర్లు కలిసి పడిపోయి ఉంటే ఆ రెండింటి మధ్య గాస్కెట్‌ను ముందు అనుమానించాలి. డీజిల్ ఇంజన్‌లో ఈ ఆయిల్ పరీక్ష చేయనే కూడదు. పెట్రోల్ గేజి కూడా దానికి ఆగదు.

అసలు తీర్పు లీక్‌డౌన్ పరీక్షది, అంటే సిలిండర్‌లోకి గాలి ఎక్కించి అందులో ఎంత శాతం బయటికి పోతోందో కొలవడం. పిస్టన్‌ను కంప్రెషన్ స్ట్రోక్ చివర సరిగ్గా పైకి తెచ్చి 100 పీఎస్ఐ గాలి ఇవ్వాలి. గాలి ఇచ్చే ముందు క్రాంక్ బోల్ట్ మీద స్పానర్ ఉంచకండి. పిస్టన్ కొద్దిగా పక్కకు ఉన్నా క్రాంక్ గిర్రున తిరిగి చెయ్యి విరుగుతుంది. లీకు 10 శాతం లోపుంటే మంచి ఇంజనే, 20 దాటితే కారణం వెతకాలి. చెవితోనే తెలుస్తుంది: థ్రాటిల్ బాడీలో బుస వినిపిస్తే ఇన్‌టేక్ వాల్వు, సైలెన్సర్ చివర వినిపిస్తే ఎగ్జాస్ట్ వాల్వు, ఆయిల్ పోసే మూత దగ్గర వినిపిస్తే రింగులు. రేడియేటర్ మూత ఇంజన్ చల్లారాకే తీసి చూడండి. నీళ్లలో బుడగలొస్తే గాస్కెట్ లేదా హెడ్‌లో పగులు. వాల్వు లీకని తేలితే టాపెట్ క్లియరెన్స్, అంటే వాల్వుకూ దాన్ని నొక్కే భాగానికీ మధ్య ఉండాల్సిన గ్యాప్ చూడండి. గ్యాప్ లేక వాల్వు పూర్తిగా మూసుకోకపోతే సర్దుబాటుతోనే పోవచ్చు. అది సరిగా ఉంటేనే హెడ్ దించండి, కింది భాగం ముట్టుకోనక్కర్లేదు.

ప్రశ్న: బ్యాటరీ 12.6 వోల్టులు, కొత్తది. స్టార్టర్ మాత్రం బరువుగా తిరుగుతుంది. కేబుళ్లన్నీ ఓమ్ మీటర్‌తో చూస్తే సున్నా వచ్చింది. స్టార్టర్ మార్చాలా?

జవాబు: ఆ సున్నాను నమ్మకండి. స్టార్టర్ 150 ఆంపియర్లు లాగేటప్పుడు 0.01 ఓమ్ అడ్డంకి ఉన్నా 1.5 వోల్టులు అక్కడే పోతాయి. మామూలు మీటర్ అంత చిన్న అడ్డంకిని పట్టలేదు. కరెంటు పారుతుండగానే కొలవాలి.

ఇంజన్ స్టార్ట్ కాకుండా ఇంధనం ఆపి, మీటర్‌ను డీసీ వోల్టుల మీద పెట్టండి. ఒక ప్రోబ్ బ్యాటరీ పాజిటివ్ పోస్టుకే ఆనాలి, క్లాంపుకు కాదు. రెండోది స్టార్టర్ లావు బోల్టుకు. సెల్ఫ్ కొట్టేటప్పుడు 0.5 వోల్టు దాటకూడదు. అలాగే నెగెటివ్ పోస్టు నుంచి స్టార్టర్ బాడీకి 0.2 చుట్టుపక్కల ఉండాలి. ఎక్కువొస్తే ప్రోబ్‌ను ఒక్కో జాయింటు దాటిస్తూ పోండి. అంకె ఎక్కడ ఒక్కసారిగా మారిందో తప్పు అక్కడుంది. ఎక్కువసార్లు దొరికేవి క్లాంపు లోపలి తుప్పు, ఇంజన్ నుంచి బాడీకి వెళ్లే ఎర్త్ పట్టీ. రెండు వైపులా బాగుండి, సెల్ఫ్ కొట్టేటప్పుడు బ్యాటరీ 9.6 వోల్టుల పైనే నిలబడితే అప్పుడు స్టార్టర్ విప్పండి.

ప్రశ్న: 80 కిలోమీటర్ల వేగంలో వణుకు. రెండుసార్లు వీల్ బ్యాలెన్సింగ్ చేసినా పోలేదు.

జవాబు: ముందు అదే వేగంలో గేరు మార్చి చూడండి. ఆర్‌పీఎమ్ మారినా వణుకు అలాగే ఉంటే ఇంజన్‌ది కాదు, చక్రాలదో షాఫ్టులదో. తర్వాత ఫ్రీక్వెన్సీ లెక్కేయండి. 80 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు 22.2 మీటర్లు. టైరు చుట్టుకొలత 1.9 మీటర్లైతే సెకనుకు దాదాపు 12 చుట్లు, అంటే 12 హెర్ట్జ్. ఫోన్‌లో కంపనం కొలిచే యాప్ 12 దగ్గర చూపిస్తే టైరు, రిమ్, హబ్. వెనక చక్రాలతో నడిచే బండిలో ఫైనల్ డ్రైవ్ నిష్పత్తి 4 అయితే, అంటే షాఫ్టు నాలుగు చుట్లకు చక్రం ఒక చుట్టు తిరిగితే, ప్రొపెల్లర్ షాఫ్టు వణుకు 47 దగ్గర, యూనివర్సల్ జాయింటుది దానికి రెట్టింపు దగ్గర ఉంటుంది.

12 దగ్గరే ఉంటే మళ్లీ బరువులు అతికించకండి. డయల్ గేజితో రిమ్ వంకర చూడండి, హబ్ ముఖం మీద తుప్పు గీకండి, టైరును రిమ్ మీద సగం చుట్టు తిప్పి ఎక్కించి మళ్లీ నడిపి చూడండి. టైరు గోడలో ఒకచోట గట్టిగా ఉంటే మామూలు బ్యాలెన్సింగ్ యంత్రం దాన్ని పట్టలేదు.

ప్రశ్న: బండిలోని కంప్యూటర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే క్యాన్ లైన్లు సరిగా ఉన్నాయని, స్కానర్ తగిలించే ఓబీడీ సాకెట్ దగ్గరే తెలుసుకోవచ్చా?

జవాబు: కొంతవరకు. బ్యాటరీ తీసి కొన్ని నిమిషాలు ఆగి 6, 14 పిన్నుల మధ్య కొలవండి. 60 ఓమ్ రావాలి, ఎందుకంటే లైన్ రెండు చివరలా ఉన్న 120 ఓమ్ రెసిస్టర్లు పారలల్‌గా (సమాంతరంగా) కలిసి ఉంటాయి. 120 వస్తే ఒక రెసిస్టరో, వైరో తెగింది. సున్నాకు దగ్గరగా ఉంటే రెండు వైర్లూ అంటుకున్నాయి. 60 వచ్చినా వైరు ఎర్త్‌కు తగిలి ఉండవచ్చు కాబట్టి ఒక్కోదాన్నీ ఎర్త్‌తో విడిగా కొలవండి. సాకెట్‌కు, మిగతా లైన్లకు మధ్య గేట్‌వే (సమాచారాన్ని అటూ ఇటూ పంపే కంప్యూటర్) ఉన్న బళ్లలో ఈ కొలత గేట్‌వే వరకే వర్తిస్తుంది. దాని అవతల వైరింగ్ చిత్రం చూసి ప్రతి లైనూ విడిగా పరీక్షించాలి.